తిమ్మారెడ్డి చెల్కల లడాయి పిట్టలు

శత్రుదేశపు సైన్యానికి గూడ చేతగాని పనొకటి నేను నా నోటితోని చేసిన. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ తావుల ఉన్న విమానాలన్నిటినీ ఒక్క పూటల మట్టిల కలిపిన. ఒక్క గుండు పేల్చలె, ఒక్క రాయి ఇసరలె. మైకు పట్టుకొని మాట్లాడిన, అంతే. ఎట్ల కలిపిన్నో చెప్త, కాని నవ్వేటప్పుడు జర నా మొఖం గూడ యాది పెట్టుకోండ్రి.

విమానాలంటే మనుషులు ఎక్కేటివి కావు. థర్మాకోలు, వెదురు బద్దలు, పల్చటి చెక్కలతోని ఇంట్ల కూసొని చేసుకునే చిన్నయి. రెక్కలు చాపితే నులక మంచమంత వెడల్పు. మూతికాడ చిన్న మోటరు తిరుగుతుంటది, మనం కింద నిలవడి రిమోటుతోని ఆడిస్తం. సెల్‌ఫోన్ల మిస్డ్ కాల్ ఇచ్చుకొని మురిసిపోయే రోజులవి. అప్పట్ల మా దిక్కు ఈ పిచ్చి ఉన్నోళ్లం నలుగురమే.

మొదటోడు ఖాజా భాయ్. గద్వాలల టీవీలు, రేడియోలు బాగుచేసే దుకాణం ఆయనది. గిరాకీలు రేడియో కోసం వచ్చి నిలవడితే, ఈయన బల్ల కింద విమానం రెక్కకు జిగురు పూస్తుండె. రెండో మనిషి సులోచన టీచరమ్మ, నాగర్‌కర్నూల్ల హైస్కూలు పిల్లలకు బొమ్మలు గీయడం నేర్పేది. ఆమె చేసిన విమానం చూస్తే ఎగిరేయబుద్ధి కాదు, దేవుని అర్రల పెట్టి దండం పెట్టబుద్ధైతది. మూడోవాణ్ణి నేను. వనపర్తిల ఒక ప్రైవేటు కాలేజీల ఫిజిక్స్ చెప్తుంటి. నాకు తెల్వనిది ఉన్నదని అప్పటికి నాకు తెల్వదు.

నాలుగో మనిషి తిమ్మారెడ్డి. ఇటిక్యాల దగ్గర, హైవేకు ఓరగ ఆయన చెల్క బీడుపడి ఉండె. మేము రాళ్లేరి, కంప కొట్టి, నడిమిట్ల విమానాలు దిగేటందుకు బాట చేసుకుంటమంటే, "చేసుకోండ్రి, మేకలు తిరిగేదే గద" అన్నడు. కొన్నాళ్లు గట్టు మీద కూసొని బీడి కాల్చుకుంట చూసిండు. ఒకనాడు "ఏదీ, గా డబ్బా ఇటియ్యి" అని రిమోటు తీసుకున్నడు. అంతే, ఆయన గూడ చెడిపోయిండు. కొట్టంల కూసొని సొంతంగ విమానం చేసుడు మొదలువెట్టిండు.

మా సంగతి ఎట్లనో హైదరాబాద్ దాక పోయింది. అక్కడ ఇసొంటి విమానాలు ఎగిరేసెటోళ్లు చానమంది. వాళ్లు యుద్ధ విమానాల నకళ్లు చేసి, అవి మటుకే ఎగిరేసి పోటీ పెట్టుకునే పండుగ ఒకటి చేస్తరట. వాటిని వార్‌బర్డ్స్ అంటరట. "మీ తావు మంచిగున్నదంట గద, ఈసారి మీ దగ్గర పెట్టుకుందామా?" అని ఫోన్ చేసిండ్రు. ఖాజా భాయ్‌కి ఆ దినం అన్నం సయించలె. "అరె సార్ సాబ్, లడాయి పిట్టల పండుగ! మన ఇటిక్యాలల!" అని నా భుజం పట్టి ఊపిండు. గట్ల ఆ పేరే ఖాయమైంది. పండుగ మంచిగైతే ప్రతి ఏడు మన దగ్గర్నే చేస్తమని వాళ్లు ఆశ గూడ పెట్టిండ్రు.

దుకాణంల చాయ్ తాక్కుంట మాట్లాడుతుంటే అసలు చిక్కు వచ్చింది.

"ఏది లడాయి పిట్ట, ఏది కాదు? ఎవరో ఒకరు చెప్పాలె గద," అన్నడు ఖాజా భాయ్.

"నేను చెప్త," అన్న.

అయ్యా, ఆ రెండు మాటలు నాలిక మీద ఉన్నప్పుడే చాయ్ జర ఎక్కువ వేడిగుండి నోరు కాలి ఉంటే ఎంత బాగుండు! చదువుకునేటప్పుడు లైబ్రరీల యుద్ధ విమానాల బొమ్మల పుస్తకం ఒకటి చూసిన. దానికి ముందర సగమే ఉండె, వెనక సగం ఎవరో చింపుకపోయిండ్రు. ఆ సగం పుస్తకంతోని నేను పూర్తి పండితుణ్ణి అయిన.

సులోచన మేడం నన్ను అనుమానంగ చూసింది. "జర అందరినీ కలుపుకపోండ్రి సార్. పండుగ గద," అన్నది.

ఖాజా భాయ్ చాయ్ గిలాస కింద పెట్టిండు. "ఒక్కటే మాట సార్ సాబ్. తిమ్మారెడ్డి పటేల్ ఏది తెచ్చినా లడాయి పిట్టే. కూసునే పీట తెచ్చినా లడాయి పిట్టే. జమీన్ ఆయనది."

"నియమం నియమమే భాయ్," అన్న నేను గొంతు సవరించుకొని.

"విమానం నియమం మీద దిగదు సార్ సాబ్. జమీన్ మీద దిగుతది."

ఈ మాట నేను ఇన్న. ఇని, నవ్వి, పక్కకు వెట్టిన. చదువుకున్నోణ్ణి గద.

పండుగ దినం పొద్దుగాల్నే హైదరాబాద్ జీపులు దిగినయి. టెంటు ఏసినం, మైకు పెట్టినం. ఎండకాలం ఆఖరు, గాలి మంచిగున్నది. జర సేపటికి తిమ్మారెడ్డి ట్రాక్టరు వచ్చింది. ఎనక ట్రాలీ డబ్బాల చాపలేసుకొని చుట్టాలు కూసున్నరు. కొత్తగ బిడ్డనిచ్చిన రాయచూరు దిక్కు వియ్యంకుడు, అల్లుడు, వాళ్ల తాలూకు ఆడోళ్లు. అందరి నడిమిట్ల, దుప్పటి కప్పుకొని తిమ్మారెడ్డి విమానం. తిమ్మారెడ్డి తెల్లబట్టలు కట్టిండు, మీసానికి నూనె రాసిండు. దుప్పటి తీసి కొబ్బరికాయ కొట్టిండు.

ఆ విమానం నేను ఇప్పటికీ మరువలె. ముదురాకుపచ్చ రంగు. రెక్క కింద గుండ్రటి మూడు రంగుల గుర్తు. కడుపు కింద ప్లాస్టిక్ సీసా, దానికి సన్నటి బెజ్జాలు. సీసల ముగ్గుపిండి. టీవీల ఏదో దేశంల పొలాల మీద మందు కొట్టే విమానాన్ని చూసి, ఆ నమూనా మీద చేసిండట. ఎగురుతుంటే ముగ్గుపిండి తెల్లగ రాలుతదట.

"చెన్నాగిదె, చెన్నాగిదె!" అన్నడు వియ్యంకుడు కన్నడంల, మంచిగున్నది అని. తిమ్మారెడ్డి మీసం కొసలు ఇంకింత పైకి లేచినయి.

నేను మైకు అందుకున్న. "సైన్యంల పనిచేసిన విమానాలకే ఈ దినం పోటీల చోటు," అని ప్రకటించిన.

మొదలు ఒకాయన తెల్లటి ప్రయాణికుల విమానం ఎత్తుకొచ్చిండు. "సిపాయిలు సెలవుల ఇంటికి దేంట్ల పోతరు సార్? దీంట్లనే గద," అన్నడు. ఇంకొకాయన అసలు మోటరే లేనిది తెచ్చిండు. "పైలట్లు నేర్చుకునేది దీని మీదనే," అన్నడు. సులోచన మేడం సామాన్లు మోసే విమానం తెచ్చింది. తలుపులు గూడ తెరుసుకుంటున్నయి దానికి.

"మేడం, ఇది సామాన్ల బండి గద," అన్న.

"యుద్ధానికి బియ్యం ఎవరు మోస్తరు సార్? ఉపాసముండి కొట్లాడుతరా?" అన్నది.

గిట్ల పోతే అందరూ పాసైతరు. అందరూ పాసైతే ఇగ మాస్టరెందుకు? మళ్ల మైకు అందుకున్న. "సవరణ! విమానానికి తుపాకి ఉండాలె!"

ఇదే పెద్ద తెలివి అనుకున్న. చాయ్ తాగి వచ్చే వరకు చెల్కల ఉన్న విమానాలన్నిటికి తుపాకులు మొలిచినయి. ఒకదానికి పెన్ను రీఫిళ్లు, ఇంకోదానికి ఊదుబత్తి పుల్లలు, మరోదానికి కూల్‌డ్రింక్ గొట్టాలు. సులోచన మేడం సామాన్ల బండికి రెండు దిక్కుల చీపురు పుల్లలు. తెల్లటి ప్రయాణికుల విమానం ముక్కుకు పంటి బ్రష్షు కట్టిండ్రు. తిమ్మారెడ్డి తన విమానం రెక్కల మీద డ్రిప్ పైపు ముక్కలు అమర్చి, "సారూ, మావి పెద్ద తుపాకులు," అన్నడు సంబురంగ.

జనం నవ్వుతున్నరు. వాళ్లు పండుగ చేసుకుంటున్నరు. నాకు మటుకు క్లాసుల పిల్లలు అల్లరి చేస్తున్నట్టు మండింది. ఇగో, ఇక్కడ మొదలైంది నా నాశనం.

"సవరణకు సవరణ! నిజమైన యుద్ధంల కొట్లాడిన విమానానికి నకలై ఉండాలె. తుపాకి పుట్టుకతోనే ఉండాలె. రంగు అసలుదే ఉండాలె. ఆకారం అసలుదే ఉండాలె!"

ఇగ ఒక్కొక్కటే తీసేసుకుంట పోయిన. చీపురు పుల్లలు పుట్టుకతోని రాలె గనక సులోచన మేడం బయటికి. ఒక హైదరాబాద్ ఆయనది నిఖార్సైన ఫైటరే, కాని బిడ్డ మారాం చేసిందని గులాబి రంగు పూసిండు, బయటికి. ఖాజా భాయ్‌ది జెట్టు ఆకారం, కాని మూతికి పంకా ఉన్నది. జెట్టుకు పంకా ఉండది.

"పంకా లేకుంటే ఎగురది సార్ సాబ్!" అన్నడు ఖాజా భాయ్.

"అది నా పరేషాన్ కాదు భాయ్. బయటికి."

ఖాజా భాయ్ నన్నట్ల చూసిండు. చానేండ్ల నుంచి రాత్రింబగళ్లు చేసిన విమానం అది. నా చెవుల దగ్గరికొచ్చి, "పటేల్‌ది యాది పెట్టుకో," అని మెల్లగ అన్నడు.

చివరికి తీర్పు చెప్పేటందుకు రెండే మిగిలినయి. ఒకటి తిమ్మారెడ్డిది. రెండోది, చెప్పేటందుకు సిగ్గయితది, నాది. నా సగం పుస్తకంల చూసి చేసిన ఫైటర్. ఒట్టు, కావాలని చేయలె! కాని జనం గుసగుసలాడవట్టిరి. "సారు నియమాలన్నీ సారు విమానానికే సరిపోతున్నయి ఏందిరా?" అని ఎవరో అన్నరు. మైకు దగ్గర నిలవడిన నాకు ఆ మాట ఇనవడ్డది. నేను పక్షపాతం లేనోణ్ణని చూపియ్యాలె. ఎట్ల? తీర్పు ఇంకింత గట్టిగ ఇయ్యాలె.

"పటేలా, నీ విమానం ఏ యుద్ధంల కొట్లాడింది?" అని అడిగిన. మైకుల.

తిమ్మారెడ్డి చుట్టాల దిక్కు ఒకసారి చూసి, ఛాతి ముందుకు పెట్టిండు. "ఎర్ర గొంగళిపురుగు యుద్ధంల సారూ! మొన్నటేడు ఆముదాల మీద దండు లెక్క వడలేదా? గిసొంటి విమానం ఒకటుంటే ఒక్కటి గూడ మిగలకపోతుండె."

అందరు నవ్విండ్రు. అది మెచ్చుకునే నవ్వే. నేను గూడ నవ్వి, "శభాష్ పటేలా, ఎగిరేయ్" అంటే కథ అయిపోతుండె. మీరైతే గదే అందురు. మీ ఇంట్ల పిల్లలైనా గదే అందురు. నేనేమన్న?

"పటేలా, ఇది యుద్ధ విమానం కాదు. ఇది వ్యవసాయ పనిముట్టు."

మైకు మంచి మైకు. ఆ మాట చెల్కంత ఇనవడ్డది, హైవే దాటి మళ్ల మా దిక్కు ఎనక్కొచ్చింది. అల్లుడు తలకాయ వంచుకొని తండ్రి చెవుల కన్నడంల చెప్పిండు. వియ్యంకుడు, "హౌదా?" అన్నడు. అంటే, అవునా, అని. గొంతుల ఇందాకటి సంబురం లేదు.

తిమ్మారెడ్డి భుజం మీది తువ్వాల తీసి మొఖం తుడుసుకున్నడు.

"పనిముట్టా సారూ?"

"అవును పటేలా. మంచి పనిముట్టే," అన్న, ఓదారుస్తున్న అనుకొని.

"పనిముట్టు ఏడ పనిచేస్తది?"

"చెల్కల."

"ఇది ఎవరి చెల్క?"

"నీదే పటేలా."

"మంచిది," అన్నడు. విమానం చంకల పెట్టుకొని ట్రాక్టరు ఎక్కి, పక్కనున్న తన కొట్టం దిక్కు పోయిండు. అలిగి అన్నానికి పోయిండనుకున్న.

జనం లేచిపోతున్నరు. ఖాజా భాయ్ మైకు నా చేతుల నుంచి గుంజుకొని, "పోటీ గీటీ ఖతం. ఊరికే ఎగిరేద్దాం, కూసోండ్రి!" అన్నడు. ఆయన జెట్టు, సులోచన మేడం సామాన్ల బండి బాట మీద ఉరికి గాల్లకు లేచినయి. ఎంత చక్కగ ఎగిరినయో! కొంగలు తిరిగినట్టు తిరుగుతుంటే జనం మళ్ల చప్పట్లు కొట్టిరి. నా పాపం గూడ గాల్లకు పోయిందనుకున్న.

అప్పుడు ట్రాక్టరు సప్పుడు మళ్ల వచ్చింది. ఈసారి ఎనకకు డబ్బా లేదు, గొర్రు ఉన్నది. ఇనుప నాగళ్లు వరసగ ఉంటయి చూడండ్రి, గదే. తిమ్మారెడ్డి మా బాట ఈ కొసన నిలవెట్టి, గొర్రు కిందికి దించి, దున్నుడు మొదలువెట్టిండు.

"పటేల్ సాబ్!" అని అరిసిండు ఖాజా భాయ్. చేతుల రిమోటు, కండ్లు ఆకాశంల. "జర ఆపుండ్రి! నా పిట్ట మీదున్నది!"

"దుక్కి నడుమ ఆపొద్దు భాయ్, సాలు వంకర పోతది!" అన్నడు తిమ్మారెడ్డి తల తిప్పకుంట.

"సార్, నా బ్యాటరీ అయిపోతున్నది," అన్నది సులోచన మేడం. ఆమె గొంతు లేవలె. గందుకే ఇంకింత భయమైంది.

నేను మైకు కాడికి ఉరికిన. "పటేలా! తీర్పు మారింది! నీది యుద్ధ విమానమే! ఎర్ర గొంగళి యుద్ధం గూడ యుద్ధమే!"

"ఇనవడ్తలేదు సారూ! ట్రాక్టరు సప్పుడు!" అన్నడు. నా మాటలన్నిటికి సరైన జవాబే చెప్తుండు గని, ఇనవడ్తలేదట!

ఇగ మైకు పారేసి ట్రాక్టరుకు ఎదురు ఉరికిన. చేతులు రెండూ పైకెత్తి, పోలీసు లెక్క. దున్నిన మట్టిల చెప్పు ఇరుక్కొని బొక్కబోర్ల పడ్డ. పడుకునే చూసిన: బాట ఓరకు నా ఫైటర్ ఉన్నది. నియమాలన్నిట్ల నెగ్గిన ఒకే ఒక్క నిఖార్సైన యుద్ధ విమానం. ఇంకా ఒక్కసారి గూడ ఎగరలె. గొర్రు దాని మీదికెళ్లి పోయింది. కరకరమని అప్పడం నమిలినట్టు సప్పుడైంది. ఎనకకు చూస్తే చక్కటి సాలు, సాలుల అక్కడక్కడ థర్మాకోలు ముక్కలు, విత్తనాలేసినట్టు.

సులోచన మేడం గుండె గట్టిది. దిగేటందుకు జాగ లేదని చూసి, విమానాన్ని కొట్టం పక్కనున్న జొన్నచొప్ప కుప్పలకు పంపింది. ఒక రెక్క ఇరిగింది, పాణం దక్కింది. ఖాజా భాయ్‌కి ఆ అదృష్టం లేదు. ఆయనది నూనెతోని నడిచే మోటరు, నూనె అయిపోయి జెట్టు మూగదయింది. గాల్ల తేలుకుంట హైవే దిక్కు పోయింది. ఖాజా భాయ్ దాని ఎనక "అరె రుకో, రుకో!" అని ఉరికిండు, విమానానికి చెవులున్నట్టు. అప్పుడే పత్తి మూటల లారీ ఒకటి వస్తుండె. జెట్టు పోయి ఆ మూటల మీద కప్పిన తాడిపత్రి పట్ట మీద ఏ మూలా తాకకుంట సుతారంగ దిగింది. అంత చక్కగ అది ఏనాడూ దిగలె. లారీ ఆగలె. బీచుపల్లి వంతెన దాటి పోనే పోయింది. హైదరాబాద్ నుంచి వచ్చినోళ్లు ఇంకా మా టెంటు కిందనే ఉండంగ, మా పిట్ట వాళ్లకంటే ముందే హైదరాబాద్ చేరింది.

వాళ్లు జీపులెక్కేటప్పుడు "మళ్ల ఏడాది కలుద్దాం" అనలె. "జాగ్రత్త" అన్నరు.

నా బతుకుల అంత చీకటి పొద్దు ఇంకోటి లేదు. ఖాజా భాయ్ తిట్టి ఉంటే బాగుండు. తిట్టలె. లారీ పోయిన దిక్కే చూసుకుంట మైలురాయి మీద కూసున్నడు. పక్కన కూసుందామని పోయిన. లేచి ఇంకో రాయి చూసుకున్నడు.

కొన్ని దినాలకు ఓర్వలేక, మంచిగున్న రేడియో వైరు ఒకటి నేనే తెంపి, బాగుచేయమనే సాకుతోని గద్వాల పోయిన. ఖాజా భాయ్ రేడియోను అటు తిప్పి ఇటు తిప్పి చూసిండు.

"దీనికి తుపాకి ఉన్నదా?"

"లేదు భాయ్."

"ఏ యుద్ధంల కొట్లాడింది?"

"భాయ్..."

"బయటికి," అన్నడు. నేను మెట్లు దిగుతుంటే ఎనకనుంచి పిలిచిండు. "నా పిట్ట పోయింది, పోనీ. ఇంకోటి చేసుకుంట. పటేల్ ఇజ్జత్ చుట్టాల ముందర తీసినవ్. మొదలు ఆడికి పో. రేడియో సంగతి తర్వాత చూద్దాం."

అప్పటికి తొలివాన పడ్డది. ఇటిక్యాలల బస్సు దిగి బురదల నడుసుకుంట పోయిన. మా బాట ఉన్న జాగల తిమ్మారెడ్డి ఆముదాలు ఏస్తుండు. నన్ను చూసి తిడ్తడనుకున్న. గట్టు మీద కూసోమన్నడు, చెంబుతోని నీళ్లిచ్చిండు.

"తప్పయింది పటేలా," అన్న. "నీది యుద్ధ విమానమే. నాకే తెల్వలె."

తిమ్మారెడ్డి నన్ను పిచ్చోణ్ణి చూసినట్టు చూసిండు.

"ఏం మాట్లాడుతున్నవ్ సారూ? అది మందు కొట్టే విమానమే గద! చేసినోణ్ణి నాకు తెల్వదా?"

నా నోట్లె నీళ్లు నోట్లెనే ఉన్నయి.

"మరి... మరెందుకు తెచ్చినవ్?"

"మైకుల నా పేరు పిలుస్తవని తెచ్చిన. మా వియ్యంకుడు ఇంటడని. 'పటేలా, మంచిగ చేసినవ్, కాని పోటీల ఒప్పది, ఊరికే ఒక్క చుట్టు తిప్పు' అంటే నేనే నీకు దండం పెడ్తుంటి. నియమాలు నాకు ఒద్దా? పనిముట్టు అంటివి. అన్నా పర్వాలేదు. మైకుల అంటివి."

చెల్క మళ్ల ఇయ్యమని అడిగే మొఖం నాకు లేదు. వాన మంచిగున్నది, ఆముదాలు మొలుస్తయి, మనిషైనోడు మొలకల మీద విమానాలు దించుతడా? వచ్చేముందర అడిగిన, "ఒక్కసారి ఎగిరేయవా పటేలా, చూస్త," అని. కొట్టంల నుంచి తెచ్చి ఎగిరేసిండు. వాన వెలిసిన ఆకాశంల ఆకుపచ్చటి విమానం, ఎనక తెల్లటి ముగ్గుపిండి. నేను ఒక్కణ్ణే చప్పట్లు కొట్టిన. చేతులు మండే దాక కొట్టిన. ఒక్కని చప్పట్లు ఎంతైనా ఒక్కనివే.

చాన దినాలకు ఒక పుస్తకంల చదివిన: పొలాల మీద మందు కొట్టే విమానాలను కొన్ని దేశాల సైన్యాలు గూడ వాడుకున్నయట. యుద్ధాలకు తీసుకపోయినయట. అంటే ఆ దినం నా తీర్పు గూడ తప్పే! తిమ్మారెడ్డి తనదాన్ని తాను తక్కువ చేసుకునుడూ తప్పే! ఈ సంగతి ఆయనకు ఇప్పటిదాక చెప్పలె. చెప్తే ట్రాక్టరు ఏసుకొని వనపర్తి వచ్చి మా కాలేజీ మైదానం దున్నుతడని భయం.

గనక, కృష్ణమ్మ సాక్షిగ, నా ముక్కలైన ఫైటర్ సాక్షిగ ప్రమాణం చేస్తున్న: ఇగమీదట ఆకాశంల ఎగిరేది ఏదైనా సరే, కాకి గాని, తూనీగ గాని, గాలికి లేచిన పాలిథిన్ కవరు గాని, ఎవరన్న నా దగ్గరికొచ్చి "సారూ, ఇది యుద్ధ విమానమేనా?" అని అడిగితే, "నిఖార్సైన యుద్ధ విమానం" అంట. అని, మెల్లగ అడుగుత, "కింద జాగ ఎవరిది?"